మైసమ్మ కషాయం

ఐలేశం వేసుకున్న పథకంలో ఎక్కడా వంక లేదు. ఆదివారం పొద్దు పొడవగానే రిసార్టు వెనక గోడ దగ్గర గుండు మైసమ్మకు యాటను బలి ఇచ్చేస్తాడు. పదింటికి హైదరాబాద్ అతిథులు బస్సెక్కి పోతారు. పదకొండింటికి ఊరి నుంచి చుట్టాలు ఆటోల్లో దిగుతారు. ఒంటిగంటకు విస్తర్లు. నాలుగింటికల్లా అంతా కడిగి, ఊడ్చి, ఐదింటికి మళ్లీ గేటు దగ్గర కర్ర పట్టుకొని ఏమీ ఎరగనట్టు నిలబడతాడు. బిడ్డ సుస్మితకు నల్లగొండలో నర్సింగ్ సీటొస్తే యాటనిస్తానని మొక్కాడు. సీటొచ్చింది. సోమవారం పొద్దున పిల్ల హాస్టల్‌కు పోవాలి. మొక్కు తీరకుండా పిల్లను బస్సెక్కించడమంటే బ్రేకుల్లేని బస్సెక్కించడమేనని ఐలేశం నమ్మకం.

ఆ రిసార్టు చౌటుప్పల్ నుంచి భువనగిరి పోయే తోవలో ఉంది. పేరు నీలిసాగర్ ట్రాపికల్ బీచ్ రిసార్ట్. అక్కడి నుంచి సముద్రానికి ఒక రాత్రి ప్రయాణం. ఓనరు ఎప్పుడో ఏదో దీవికి పోయొచ్చి, సముద్రం ఒక్కటి తప్ప మిగిలినవన్నీ ఇక్కడ దింపించాడు. కొబ్బరిచెట్లు లారీల మీద వచ్చాయి. ఈతకొలను చుట్టూ మోకాలిలోతు ఇసుక పోయించి దానికి బీచ్ అని పేరు పెట్టాడు. మూడేళ్లలో ఆ ఇసుక వల్ల కుక్కలకు తప్ప ఎవరికీ ఏ ఉపకారమూ జరగలేదు. వాచ్‌మన్ ఐలేశంతో సహా స్టాఫ్ అందరికీ చిలకల బొమ్మల చొక్కాలు కుట్టించాడు. ఐలేశం ఆ చొక్కాతో మొదటిసారి ఇంటికి పోయిననాడు సొంత కుక్కే వాకిట్లోకి రానివ్వలేదు.

ఇక మైసమ్మ సంగతి. స్థలం చదును చేసేటప్పుడు ఆ తల్లి వెలసిన గుండురాయిని పెకిలించబోయి మూడు జేసీబీలు పళ్లూడగొట్టుకున్నాయి. నాలుగోది గుండును దూరం నుంచి చూసే వెనక్కి తిరిగిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఏమైతేనేం, మైసమ్మ ఉన్నచోటే ఉంది, గోడే వంకర తిరిగింది. ఆ తల్లికి ఒక కట్టుబాటు ఉంది. అక్కడ కోసిన యాటను అక్కడే వండాలి, అక్కడే తినాలి. పొలిమేర దాటకూడదు, పొద్దు దాటకూడదు. వెనకట పొలిమేర వాగు దాకా ఉండేది. ఇప్పుడు ఓనరు కట్టిన కాంపౌండ్ గోడే పొలిమేర అని ఊరి పెద్దలు తేల్చారు.

పథకానికి మొదటి దెబ్బ ఐలేశం బావమరిది కురుమయ్య కొట్టాడు. ఐలేశం అడిగింది పది కిలోల యాట. కోస్గి అవతలి నుంచి చీకటితోనే ట్రాలీ ఆటో వేసుకొచ్చిన కురుమయ్య అందులోంచి దింపింది చూసి ఐలేశం నోరు తెరిచాడు.

"ఏందిర కురుమయ్యా, యాటను తెమ్మంటె దున్నపోతును తెచ్చినవు?"

"నా మేనకోడలు నర్సమ్మ అయితాంటె గొర్రెపిల్లను తెస్తనా బావా? మా మందకంత గిదే పెద్దమనిషి. ఎండకాలం దీని నీడకు ఇద్దరం పండుకుంటుంటిమి."

గుండు ముందు నిలబెట్టి పసుపునీళ్లు చల్లారు. పొట్టేలు ఒళ్లు విదిలించింది. ఆ విదిలింపుకు కొబ్బరిచెట్టు మీది కాకులు లేచిపోయాయి. యాట ఒళ్లు విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టే, ఇక వెనక్కి తీసుకునేది లేదు. ఎనిమిది కొట్టేసరికి ముక్కలు రెండు పెద్ద గంగాళాల నిండా తయారుగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడు మేనేజర్ శివకుమార్ వాకీటాకీ ఊపుకుంటూ గేటు దగ్గరికి వచ్చాడు.

"ఐలేశం, మంచి వార్త! క్యాంపు పదింటికి పోతలేదు, సాయంత్రం దాక ఉంటది."

"గట్లనా సార్," అన్నాడు ఐలేశం.

ఆ క్యాంపు బరువు తగ్గించే క్యాంపు. ముప్ఫై మంది హైదరాబాద్ వాళ్లను మనస్విని మేడం అనే ఆవిడ తీసుకొచ్చి, శుక్రవారం నుంచి ఉడకబెట్టిన కూరగాయలు, మొలకెత్తిన గింజలు పెట్టి తిప్పుతున్నది.

"శుక్రవారం ఆఫీసు ముంగట బండల మీద మిషిన్ పెట్టి అందర్ని తూచిండ్రు గదా," అన్నాడు శివకుమార్. "ఇయ్యాల ఐదింటికి మళ్ల తూస్తరు. తగ్గితే నెలనెలా క్యాంపు మన దగ్గర్నే. ఇన్ని రిసార్టులుండంగ ఆ మేడం మన బీచ్ చూసి మురిసిపోయి వచ్చింది, ఎరుకేనా? తగ్గకపోతే ఓనర్ తాళమేస్తనన్నడు. నీకు నాకు ఇంటి తోవే."

"అట్లెందుకైతది సార్?"

"అయితదో కాదో నీ చేతుల్నే ఉంది. ఐదింటి దాక బయటోళ్లు ఒక్కరు లోపలికి రావద్దు. ఇంకో మాట. మూడు దినాల సంది ఆకులు తింటున్నోళ్లు వాళ్లు. నీసు వాసన తగిలిందో, మొత్తం క్యాంపు గంగల కలుస్తది. తగిలిన నిమిషంల నువ్వు ఆ చిలకల అంగీ ఇప్పి నా టేబుల్ మీద పెట్టి పో."

శివకుమార్ వెళ్లిపోయాడు. ఐలేశం గోడకు చేరబడ్డాడు. చుట్టాలు లోపలికి రాకూడదు. కూర బయటికి పోకూడదు. లోపల తినేందుకున్నది పద్నాలుగు మంది స్టాఫ్, పొట్టేలు చూస్తే యాభై మందికి సరిపడేది. పొద్దు గూకేలోపు గంగాళం అడుగు కనబడకపోతే మొక్కు సగం తీరినట్టు. సగం మొక్కుకు సీటు కూడా సగమే ఉంటుందేమో ఎవరికి తెలుసు?

స్టాఫ్ మెస్సులో వంట చేసేది సాలమ్మ. అతిథులకు వేరే చెఫ్ ఉన్నాడు, అతని కత్తులు తోలుసంచిలో వరసగా పడుకొని ఉంటాయి. సాలమ్మకు ఒక్క కత్తిపీట. అరవై ఐదేళ్ల మనిషి, రిసార్టులో మేనేజర్‌కు భయపడని ప్రాణి ఆమె ఒక్కతే.

"అవ్వా, జర మసాల ఎయ్యకుండ వండరాదా? వాసన రావద్దంటున్నడు సారు," అన్నాడు ఐలేశం.

"మసాల లేని కూర పెడ్తె మైసమ్మ మీ సారును అడుగుతదా, నన్ను అడుగుతదా? వాసన రావద్దంటె పోయి గాలికి చెప్పు."

గాలి మాట వినలేదు. తొమ్మిదిన్నరకు అల్లం, లవంగం, ధనియాల పొడి, మాంసం కలిసి మెస్సు కిటికీలోంచి బయలుదేరి, ఈతకొలను చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఇసుక మీద ఆగాయి. అక్కడ సూర్యనమస్కారాలు చేస్తున్న ముప్ఫై మంది ఒక్కపెట్టున సూర్యుణ్ణి వదిలేసి మెస్సు వైపు తిరిగి దండం పెట్టారు. శివకుమార్ ఇసుకలో బూట్లు దిగబడుతుండగా ఉరికొచ్చాడు. వెనకే తెల్లని బట్టల్లో మనస్విని మేడం.

"ఐలేశం! ఏంది ఈ వాసన?"

"కషాయం సార్."

"ఏం కషాయం?"

"లవంగాలు, చెక్క, ధనియాలు, మిరియాలు, అల్లం. మా తాతల నాటిది సార్. సాలవ్వ కాస్తాంది."

ఐలేశం అబద్ధమాడలేదు. చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. వాటి మధ్య ఈదుతున్న ఒక్క వస్తువు పేరు మాత్రం చెప్పలేదు. మనస్విని మేడం కళ్లు మూసుకొని గాలి పీల్చింది. పరీక్ష కోసమైతే ఒక్కసారి పీలిస్తే చాలు, ఆవిడ మూడుసార్లు పీల్చింది.

"చాలా మంచి ఆలోచన అండి," అంది. "కషాయం ఒంటికి మంచిది. మా వాళ్లందరికీ తలా ఒక కప్పు ఇప్పించండి."

ఐలేశం కాళ్ల కింద ఇసుక ఇంకో జానెడు దిగింది.

సాలమ్మ ఆ మాట వినగానే అడ్డం తిరిగింది. "నీసు తిననోళ్లకు తెల్వక తాగిపిస్తె నాకు పురుగులు పడ్తయి. ఒక్కొక్కల్ని అడిగే పోస్త," అంది. ఎముకలు ఉడికిన బొక్కల చారును తేటగా వడగట్టి కెటిల్‌లో పోసుకొని బయలుదేరింది. కప్పు చేతికిస్తూ ఒక్కొక్కరి చెవి దగ్గరికి వంగి అడిగింది. "బిడ్డా, గిది యాట బొక్కల చారు. నీసు తింటవా?"

ఇద్దరు వద్దన్నారు. వాళ్లకు పుదీనా నీళ్లు పోసింది. మిగిలిన ఇరవై ఎనిమిది మందీ కళ్లతోనే ఊ కొట్టారు. ఇరవై ఎనిమిది మందీ ఒకే మాట అన్నారు. "మేడంకు చెప్పకు అవ్వా." ఈ దొంగతనం చేస్తున్నది తానొక్కడినేనని ప్రతివాడూ అనుకున్నాడు.

అందరిలో భారీ మనిషి పరశురాములు. ప్లాట్ల వ్యాపారం చేసేవాడు, నూటపద్దెనిమిది కిలోలు. మూడో కప్పు తాగి సాలమ్మ కొంగు పట్టుకున్నాడు.

"అవ్వా, ముక్కలేమన్న ఉన్నయా?"

"చారు ఉన్నకాడ ముక్క ఉండదా కొడుకా? అయినా మూడు దినాల సంది ఆకులు తినవెట్టనీకి మీరేం నేరం చేసిండ్రు బిడ్డా?"

పరశురాములుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు రోజుల్లో అతన్ని ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి సాలమ్మ.

పన్నెండు దాటగానే అతిథులు నలుగురు నలుగురుగా మెస్సు వైపు నడవడం మొదలుపెట్టారు. శివకుమార్ చూశాడు.

"వీళ్లెటు పోతున్నరు ఐలేశం?"

ఒక అబద్ధానికి కాపలాగా ఇంకో అబద్ధాన్ని నిలబెట్టక తప్పదు. వాచ్‌మన్‌కు కాపలా సంగతి తెలియనిది కాదు. "ఆవిరి పట్టనీకి సార్. కషాయం తాగినంక ఆవిరి పట్టకపోతే అది ఒంటికి ఎక్కదు. తలుపు తీయొద్దు సార్, ఆవిరి పోతది."

లోపల నేల మీద మోదుగాకు విస్తర్లు, వాటి మీద జొన్నరొట్టెలు, రొట్టెల మీద కూర. ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు. అరగంటకు తలుపు తీసుకొని బయటికి వచ్చిన వాళ్లను చూసి శివకుమార్ బిత్తరపోయాడు. ముఖాలు ఎర్రబడ్డాయి. మెడల మీద చెమటలు ధారలు కట్టాయి. ఒకామె ముక్కు తుడుచుకుంటున్నది, ఒకాయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. సాలమ్మ కారం అట్లాంటిది.

"లోపలి చెడంత బయటికి పోతాంది సార్," అన్నాడు ఐలేశం.

"నేను గూడ పడ్త ఐలేశం!"

"మీకెందుకు సార్, పుల్ల లెక్క ఉన్నరు. ఆవిరికి లేచిపోతరు."

ఒకటిన్నరకు చెఫ్ గంట కొట్టాడు. బల్లల మీద ముప్ఫై పళ్లాలు, వాటిలో ఉడకబెట్టిన బ్రకోలీ, కీరదోస ముక్కలు, మొలకలు. పుదీనా నీళ్ల వాళ్లిద్దరు తప్ప ఒక్కరూ రాలేదు. వచ్చే స్థితిలో ఎవరూ లేరు. పళ్లాలు నిండుగా వెనక్కి పోతే మేనేజర్ ముందు దొంగతనం బయటపడుతుంది. ఐలేశం బుర్ర గోక్కున్నాడు. ఈ తిండి మైసమ్మది కాదు. గోడ దాటొచ్చు. అతిథులు గదుల్లోనే తింటారని చెఫ్‌తో చెప్పి పళ్లాలు ఎత్తుకుపోయాడు.

గోడ అవతల వేపచెట్టు కింద ముప్ఫై మంది చుట్టాలు పదకొండింటి నుంచి కూర్చొని ఉన్నారు. వాళ్లకు పెద్ద ఐలేశం అక్క బీరమ్మ. తమ్ముడు గోడెక్కి ఒక్కొక్క పళ్లెం దింపుతుంటే ఆమె బ్రకోలీ ముక్కను కాడ పట్టుకొని పైకెత్తింది.

"తమ్మీ, గిది పువ్వా, ఆకా, చెట్టా?"

"జర తినుండ్రి అక్కా. పెద్దపెద్దోళ్లు తినేది."

"ఓరి నీ బొంద! తాతల సంది మనం గొర్లకు మేత ఏసినం. ఇయ్యాల నువ్వు మాకు మేత ఏస్తున్నవారా? యాట లోపలోళ్లకు, యాట తినేది మాకా?"

"మెల్లగ అక్కా, ఇంటరు."

"ఇననీ! గోడ అవతల బొక్క కొరుకుడు సప్పుడు నాకు ఇనవడ్తలేదా?"

బీరమ్మ తింటూ తిట్టింది, తిడుతూ తిన్నది. ఆకలి అట్లా ఉంది. పళ్లాలు నాకినట్టుగా వెనక్కి వచ్చాయి. మూడు రోజుల్లో మొదటిసారి ఖాళీ పళ్లాలు చూసిన చెఫ్ టోపీ తీసి కళ్లకద్దుకున్నాడు.

నాలుగింటికి గంగాళాల అడుగు కనబడింది. ఇంటి ఆడబిడ్డ వాటా అని సాలమ్మ తలకాయ కూర ఒక్కటి వేరే గిన్నెలో దాచింది, గేటు తెరవగానే బీరమ్మ లోపలికొచ్చి తింటే మొక్కు పూర్తి. ఐలేశం హమ్మయ్య అని కూర్చోబోయి ఇసుక వైపు చూశాడు. పరశురాములు వెల్లకిలా పడి ఉన్నాడు. లేవాలని ఉన్నా లేవలేకపోతున్నాడు. ముగ్గురు వచ్చి లేపితే రెండో ప్రయత్నంలో లేచాడు. ఐలేశం మెస్సు వెనక్కి ఉరికాడు. గంటలో తూకం!

"కురుమయ్యా, మైసమ్మతోని గట్టెక్కిన గని మిషిన్‌తోని సచ్చిన. మిషిన్ అబద్ధమాడదు గదరా."

పొద్దుటి నుంచి మెస్సు వెనక గొంగడి పరుచుకొని పడుకున్న కురుమయ్య లేచి కూర్చున్నాడు.

"ఎవడన్నడు బావా ఆడదని? నలభై ఏండ్ల సంది గొర్లమ్ముతున్న. కోస్గి సంతల బక్కయ్యని ఒక బేరగాడుండె. తూకం మిషిన్ కింద దూది బస్త ఏసేటోడు. కింద మెత్తగుంటె మిషిన్ ఆడికాడికి కుంగుతది, తూకం తక్కువ వడ్తది. నేను పెంచిన పొట్టేళ్లన్ని ఆయన కాడికి పోంగనే మేకపిల్లలయితుండె. నాకు తెలిసేసరికి ఆయన రెండంతస్తుల ఇల్లు కట్టిండు."

"ఇప్పుడు దూది బస్త యాడ తేవాలెరా?"

కురుమయ్య ఈతకొలను వైపు చూశాడు. ఐలేశం కూడా చూశాడు. మూడేళ్లలో మొదటిసారి అతనికి ఆ ఇసుక మీద గౌరవం కలిగింది.

మిషిన్‌ను ఇసుక మీదికి మార్పించడానికి ఏదో ఒకటి చెప్పాలి. పొద్దు గూకే వెలుతురులో ఫోటోలు మంచిగొస్తాయని చెబుదామని ఇద్దరూ మాట అనుకొని ఆఫీసు ముందుకు పరిగెత్తారు. బండల మీద మిషిన్ లేదు. వెనక్కి తిరిగి చూస్తే మనస్విని మేడం దాన్ని చంకలో పెట్టుకొని ఇసుకలో తిరుగుతున్నది. కాలి బొటనవేలితో అక్కడక్కడా ఒత్తి చూసి, ఒకచోట ఆగి, మిషిన్ దింపింది.

"ఇక్కడ తూద్దామండి," అంది శివకుమార్‌తో. "పొద్దు గూకే వెలుతురులో ఫోటోలు బాగుంటాయి."

ఐలేశం, కురుమయ్య ముఖముఖాలు చూసుకున్నారు. అనుకున్న మాట పొల్లుపోకుండా ఆవిడే అనేసింది.

తూకం మొదలైంది. మొదట పరశురాములు ఎక్కాడు, ఎక్కేటప్పుడు ఒక తేన్పును బలవంతంగా మింగాడు. మిషిన్ పక్కకు ఒరిగి, కాస్త కుంగి, ఆలోచించుకొని అంకె చూపింది. శివకుమార్ వంగి చదివి ఎగిరి గంతేశాడు. "నూట పద్నాలుగు! నాలుగు కిలోలు డౌన్!" అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది పరశురాములే. తర్వాతి ఆమె మూడు, ఆ తర్వాతి ఆయన మూడున్నర. ఎక్కినవాళ్లంతా తగ్గారు. తమ కడుపులో ఉన్నదేమిటో తెలిసిన ఇరవై ఎనిమిది మందీ నోరు మెదపకుండా చప్పట్లు కొట్టారు. చివరికి శివకుమార్ కూడా ఎక్కాడు. నిన్ననే బండల మీద చూసుకున్నాడు, అరవై ఒకటి. ఇప్పుడు యాభై ఎనిమిది.

"ఉట్టి వాసనకే మూడు కిలోలు తగ్గిన ఐలేశం!" అని కౌగిలించుకున్నాడు. వెంటనే పక్కకు పోయి ఓనర్‌కు ఫోన్ చేసి తిరిగొచ్చాడు. "నెలనెలా క్యాంపు ఖాయం. ఆవిరి చికిత్స గూడ ఉండాల్నట. సాలవ్వను, నిన్ను ఇంచార్జి చేసిన!"

గేటు తెరిచారు. బీరమ్మ చుట్టాలందర్నీ వెంటేసుకొని, పొద్దు ఇంకా బారెడు ఉండగానే మెస్సులో బాసింపట్టు వేసుకొని కూర్చుంది. ఇసుక మీద మనస్విని మేడం ఒక్కతే మిషిన్ దులిపి సంచిలో పెట్టుకుంటున్నది. కురుమయ్య దగ్గరికి పోయి నిలబడ్డాడు, వెనక ఐలేశం.

"అమ్మా, మీదే ఊరు?"

"హైదరాబాద్ అండి."

"అంతకు ముందు?"

ఆవిడ అటూ ఇటూ చూసింది. శివకుమార్ దూరంగా ఫోటోలు దిగుతున్నాడు. మేడం గొంతు తగ్గింది, భాష మారింది.

"కోస్గి, కాకా."

"బక్కయ్య బిడ్డవా?"

"గట్టిగనకు కాకా, జర."

"గా కాలు ఒత్తే తీరు చూడంగనే అనుకున్న. మీ బాపు గిట్లనే ఒత్తి చూస్తుండె. దూది బస్త ఏమాయె బిడ్డా?"

"దూది యాడ మోసుకుంట తిరుగుత? ఇసుకున్న రిసార్టులే చూస్కుంట."

ఐలేశం మొదట కురుమయ్యను, తర్వాత ఇసుకను, తర్వాత మేడంను చూశాడు. "అయితే కషాయం సంగతి..." అన్నాడు నీళ్లు నములుతూ.

"గొర్ల బేరగాని బిడ్డను. యాట కూర వాసనకు కషాయమని పేరు పెడ్తె నేను నమ్ముతనా? పొద్దుగాల తొమ్మిదిన్నరకే నోరు ఊరింది. నా తూకం ముచ్చట మీరు చెప్పకుండ్రి, మీ ఆవిరి ముచ్చట నేను చెప్ప." ఆవిడ సంచి భుజాన వేసుకొని మెస్సు వైపు ఒకసారి చూసింది. "తలకాయ కూర ఏమన్న మిగిలిందా? నోట్ల పెట్టి మూడేండ్లాయె."

సాలమ్మ బీరమ్మ పక్కనే ఇంకో ఆకు వేసింది. పొద్దు గూకకముందే గిన్నె ఖాళీ అయింది, మొక్కు తీరింది. బీరమ్మ మాత్రం చెయ్యి కడిగేముందు కొంగుముడి విప్పి, మందలో గొర్రెకు పెడదామని దాచిన బ్రకోలీ ముక్కను మేడం ఆకులో వేసింది.

"గిది గూడ రుచి చూడు బిడ్డా. మా అందరికి తినవెట్టినవు."

సోమవారం సుస్మిత నల్లగొండ బస్సెక్కింది. బ్రేకులు భేషుగ్గా ఉన్నాయి. క్యాంపు నెలనెలా వస్తున్నది. మొక్కు లేనిదే మైసమ్మ యాటను తీసుకోదు కాబట్టి నెలనెలా కొత్త మొక్కు వెతకడం ఐలేశం ఉద్యోగంలో ఒక భాగమైంది. బోరులో నీళ్లు పడాలని, మేనేజర్‌కు పెళ్లి కుదరాలని, చివరికి చిలకల చొక్కా మారాలని కూడా మొక్కాడు. రిసార్టు ముందు ఇప్పుడు పెద్ద బోర్డు ఉంది, అందులో పరశురాములు క్యాంపుకు ముందు, క్యాంపు తర్వాత. రెండు ఫోటోలనూ ఎంత తేరిపార చూసినా తేడా దొరకదు. ఏడాది తిరిగేసరికి ఆ క్యాంపు వల్ల నిజంగా సన్నబడింది ఒక్కటే, కురుమయ్య మంద.